పింజ కదలని మేడ

మీ వృత్తిలో మీకు నిశ్చయంగా తెలిసిన సంగతిని, పని ముగించుకుని ఇంటి గడప తొక్కగానే, ఎవరి మాట మీద మరచిపోతున్నారు?

ప్రశ్న కటువుగా ఉందని నాకు తెలుసు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇంజనీరు పిల్లలు నా వ్యాసాలు చదువుతుంటారు గనుక వాళ్ళనే అడుగుతున్నాను. కరెంటు గురించి అంతా తెలిసినవాడు తన ఇంటి మీటరు బోర్డుకు నిమ్మకాయ కడతాడు. రోజంతా మందులు అమ్మేవాడు తన బిడ్డకు జ్వరం వస్తే ముందు తాయెత్తు వెతుకుతాడు. సభల్లో, చర్చావేదికల మీద ఇలాంటివాళ్ళను నేను చాలామందిని ఓడించాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. కానీ నా చేతిలో ఓడిపోయినవాడు ఒక్కడైనా ఇంటికి వెళ్ళి ఆ నిమ్మకాయ విప్పినట్టు నాకు ఇంతవరకూ కబురు రాలేదు. ఎందుకు విప్పరో కొంతైనా అర్థమైంది తమిళనాడులోని రాజపాళయంలో, ఒక పాడు హోటల్లో. పదవీ విరమణకు కొద్దికాలం ముందు జరిగిన సంగతి ఇది.

నా ఉద్యోగమంతా గాలి పనే. నూలు మిల్లుల్లో గాలికి తగినంత తేమ పట్టించి, చల్లబరిచి, లోపలికి పంపే ప్లాంట్లు ఉంటాయి. అవి బిగించడం, మరమ్మతు చేయడం మా కంపెనీ పని. గాలి పొడిబారితే నూలు పుటుక్కున తెగుతుంది. తేమ ఎక్కువైతే యంత్రాలకు చుట్టుకుంటుంది. ఇందులో మీరు తెలుసుకోవలసింది ఒక్కటే: లోపలికి వచ్చిన గాలికి బయటికి పోయే దారి ఉండాలి. మిగతా శాస్త్రమంతా ఈ వాక్యానికి వ్యాఖ్యానం.

ఆ ప్రయాణంలో నాతో వచ్చినవాడు మా కంపెనీ ఫిట్టరు. గోదావరి జిల్లా మనిషి, నా ఈడువాడే. పంపు చప్పుడు విని దాని జబ్బు చెప్పగలడు. పడక, భోజనం విషయంలో మాత్రం చచ్చినా రాజీపడడు. మా హోటలు గది ఫోన్లో వెతికి పెట్టింది అతనే. రైల్లో ఉన్నంతసేపూ ఆ గది ఫొటో నాకు చూపిస్తూనే ఉన్నాడు. తెల్లటి దుప్పటి పరిచిన మంచం, దాని పక్కన పెద్ద కిటికీ, కిటికీ నిండా పడమటి కొండలు, కొండల నెత్తిన మబ్బు.

"ఉద్యోగంలో చివరి టూరు గురూ ఇది. పొద్దున్నే లేచి ఆ కొండ చూస్తూ కాఫీ తాగుతావు. నన్ను తలుచుకుంటావు" అన్నాడు.

ఊరు చేరేసరికి సన్నటి తుంపర పడుతోంది. ఆ ఊళ్ళో కొండలు దూరంగా నిలబడి మనల్ని చూసే రకం కాదు. వీధి మలుపు తిరిగితే వీధి చివర కొండ. టీ కొట్టు వెనక కొండ. మిల్లు పొగగొట్టం పక్కన కొండ. మబ్బు దిగివచ్చి సగం కొండను తుడిచేస్తే, మిగిలిన సగం గాలిలో వేలాడుతున్నట్టుండేది. ఎక్కడో షిఫ్టు మారే సైరన్ మోగింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు మిల్లు గేటులోంచి వస్తున్నారు. అందరి జుట్టులోనూ తెల్లటి పత్తి పింజలు చిక్కుకుని ఉన్నాయి. ఆ తుంపరలో, ఆ వెలుతురులో, ఊరంతా ఒకేసారి పాతబడిపోయిందా అనిపించింది. నేను భావుకుణ్ణి కాను. అయినా ఆటో ఆపమని కాసేపు చూశాను.

లాడ్జి మూడంతస్తుల మేడ. కౌంటరు దగ్గర ముప్పై దాటిన ఒకామె కూర్చుని ఉంది. ఆమె వెనక కిటికీ తెరిచి ఉంది. మేమిద్దరం తెలుగులో గొణుక్కోవడం విని నవ్వింది.

"ఆంధ్రా నుంచి వచ్చినారా సార్? మేమూ తెలుగే దాన్. మా మాట వింటే మీకు నవ్వు వస్తాది."

నాకు నవ్వు రాలేదు. వచ్చినారు, చూసినారు, ఉండాది అని, నొక్కి చెప్పేచోట తమిళపు దాన్ తగిలించి, ఆమె అంటుంటే మా తాతల నాటి ఊళ్ళోకి నడిచివెళ్ళినట్టయింది. ఎన్నో తరాల కిందట మన దగ్గరి నుంచి వెళ్ళిన మాట, అక్కడి పత్తి చేలలో ఎండి, తమిళంలో తడిసి, మళ్ళీ నా ఎదుట నిలబడి గది తాళంచెవి ఇస్తోంది.

గది తలుపు తీశాం. ఫొటోలోని మంచం ఉంది. తెల్లటి దుప్పటి ఉంది. కిటికీ ఉండవలసిన చోట కొండ కూడా ఉంది. అయితే అది ఫ్లెక్సీ కొండ. కిటికీని ఇటుకలతో మూసేసి, సున్నం వేసి, సరిగ్గా కిటికీ కొలతకు కొండ బొమ్మ అచ్చువేయించి దానికి అంటించారు. అసలు కొండ ఆ గోడకు అవతల ఉంది. దాన్ని కప్పేసి, దాని బొమ్మను ఇవతల పెట్టారు. బొమ్మ అంచున తేమ ఎక్కి మూల ఊడి వేలాడుతోంది. గదిలో తడిసిన గోనె వాసన.

మా ఫిట్టరు చాలాసేపు బొమ్మనే చూశాడు. "మబ్బు కూడా వేశారు గురూ. మోసం అనడానికి లేదు" అన్నాడు.

వేరే లాడ్జికి మారదామని ఊరంతా ఫోన్లు చేశాడు. పెళ్ళిళ్ళ కాలం. ఏ లాడ్జిలోనూ గది లేదు. అంత పెళ్ళిళ్ళ కాలంలో ఈ మేడలో మాత్రం మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. ఆ సంగతి అప్పుడే నాకు తట్టి ఉండాలి.

మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాను. కలలో నేనొక మిల్లులో నడుస్తున్నాను. పైకప్పు నుంచి దారాలు వానలా దిగుతున్నాయి. ఒక్కటీ తెగదు. చప్పుడు లేదు. నడుస్తున్నకొద్దీ మిల్లు పొడవు పెరుగుతోంది. లేచేసరికి తల దిమ్ముగా ఉంది. ఉదయమో సాయంత్రమో తెలియలేదు, తెలుసుకోవడానికి కిటికీ లేదు. ఇంతకంటే తీయటి నిద్ర ఎరగనని కవి రాసుకునేవాడేమో. గాలి పనివాణ్ణి గనుక నాకు తెలిసిపోయింది. అది నిద్ర కాదు. నేను విడిచిన గాలినే మళ్ళీ మళ్ళీ పీల్చి మత్తెక్కిపోయాను.

కోపంగా కిందికి దిగాను. కౌంటరులో ఆమె వంగి కూర్చుని, ఉబ్బసానికి వాడే మందు పంపు నోట్లో పెట్టుకుని పీలుస్తోంది. ఊపిరి తీసుకుంటుంటే ఈల చప్పుడు. నన్ను చూసి చెయ్యెత్తి, ఒక్క క్షణం ఆగమంది. ఆగాను. కోపం కొంత దిగింది.

"జన్నల్ గురించి దానా సార్?" అంది తేరుకుని. వాళ్ళు కిటికీని జన్నల్ అంటారు. "వచ్చినవాళ్ళంతా అదే అడుగుతారు. ఆ ఫొటో తీసేయమని నాయనకు చెప్పినాను. బొమ్మ పెడితే సరిపోతాది అన్నారు."

అప్పుడు సంగతంతా చెప్పింది. లాడ్జి కట్టించింది వాళ్ళ నాన్న. ఆమె కోయంబత్తూరులో హోటల్ మేనేజర్ ఉద్యోగం చేసేది. పెళ్ళి వద్దనుకుంది. ఈ లాడ్జిని తను నడుపుతానని ఇష్టపడి తిరిగివచ్చింది. మొదట్లో బాగానే నడిచింది. ఒక వానాకాలం మూల గదిలో చెమ్మ వాసన వచ్చింది. ఎవరో వాస్తు చెప్పే ఆయన్ను తీసుకువచ్చారు. పడమటి కిటికీలోంచి లక్ష్మి వెళ్ళిపోతోందని ఆయన చెప్పాడు. ఆ కిటికీ మూయించారు. వాసన పెరిగింది. మళ్ళీ ఆయన్నే పిలిచారు. ఆయన ఇంకో కిటికీ చూపించాడు. అలా వాసన పెరగడం, ఆయన రావడం, ఇంకో కిటికీ మూతపడడం. మేడ మీద పడమటి వైపు ఇప్పుడు ఒక్క కంత లేదు. ఆమెకు ఉబ్బసం మొదలైంది. దానికీ ఆయన కారణం కనిపెట్టాడు.

"ఇదిగో, నా వెనక ఉండే జన్నల్ దాన్ నా జబ్బుకు కారణమంట. బుధవారం మేస్త్రీ వస్తాడు. అదీ మూసేస్తారు."

"మూసేస్తే నువ్వు ఇక్కడ కూర్చోగలవా అమ్మా?"

"లేను. రోజంతా ఈ జన్నల్ వల్ల దాన్ కూర్చుంటున్నాను. అది మూసినా తగ్గకపోతే లాడ్జి వేరేవాళ్ళకు ఇచ్చేసి నన్ను కోయంబత్తూరు అత్త ఇంటికి పంపిస్తానని నాయన చెప్పినారు." ఆమె పంపును కొంగులో చుట్టుకుంది. "ఇది నా పని సార్. నేను బాగా చేసే పని ఇదొకటే."

అంతే, నాలో ఉపన్యాసకుడు మేలుకున్నాడు.

మర్నాడు మిల్లు నుంచి వచ్చేసరికి ఆమె నాన్న, ఆ పెద్దాయన, వరండాలో కూర్చుని ఉన్నాడు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, నెమ్మదైన మనిషి. మా ఫిట్టరు వాళ్ళ జిల్లా అలవాటు కొద్దీ ఆయన్ను కులం పేరు పెట్టి గారూ అన్నాడు. నేను అన్నా అన్నాను. కులం పెట్టి మనిషిని పిలవకూడదని చిన్నప్పుడే ప్రతిజ్ఞ చేసినవాణ్ణి. ఆయన రెండింటికీ ఒకేలా నవ్వి, కాఫీ తెప్పించాడు. మేం మిల్లులో ఏం పని మీద వచ్చామో అడిగి, చెప్పగానే కుర్చీలో ముందుకు వంగాడు.

"గాలి ప్లాంటా? నేనూ అదే దాన్ చూసినాను. రిటైర్ అయ్యేదాకా మా ఊరి మిల్లులో గాలి డిపార్ట్‌మెంట్ నాదే."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. తన ఉద్యోగమంతా గాలిని లోపలికీ బయటికీ నడిపించినవాడు, తన మేడకు తానే ఊపిరి బిగించాడు. ఇలాంటివాడు దొరికితే వాదనాప్రియుడికి పండుగ. మొదలుపెట్టాను. కొండ పడమట ఉండడం శుభమని వాస్తు పుస్తకాల్లోనే ఉందన్నాను.

"కొండ మంచిదే సార్. జన్నల్ దాన్ మంచిది కాదు" అన్నాడు.

కిటికీలు మూశాకే వ్యాపారం పడిపోయిందన్నాను. మూయకపోతే ఇంకా పడిపోయి ఉండేదన్నాడు. నేను గొంతు పెంచాను. ఆయన గొంతు తగ్గించాడు.

"ఒకటి చెప్పండి. మీరు ఎన్ని మిల్లులు చూసినారు? నూలు వడికే చోట ఒక జన్నల్ అయినా ఉండాదా? అంతా మూసే ఉంచుతాము. అక్కడ వందల మంది పని చేస్తారు. ఎవరైనా చచ్చిపోయినారా?"

ఆ ప్రశ్నకు నేను తడబడ్డాను. అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు. ఆయన వాస్తు మాటకు లొంగడానికి సగం కారణం మిల్లే. మూసిన గది చూస్తే మనకు భయం. ఆయనకు ధైర్యం. వయసంతా కిటికీలేని షెడ్లలోనే గడిపాడు. బయటి గాలి మిల్లుకు శత్రువు. దాన్ని రానిస్తే నూలు పాడు. కిటికీ మూయమని వాస్తు మనిషి అన్నప్పుడు ఆయనకు అది మూఢనమ్మకంగా వినిపించలేదు. తన డిపార్ట్‌మెంట్ మాటలా వినిపించింది. ఈ పొరపాటు ఆ ఊరివాడే, ఆ పని చేసినవాడే చేయగలడు.

"అన్నా, మిల్లులో నేల కింద కాలువ ఉంటుంది. చెడ్డ గాలి అందులోంచి బయటికి పోతుంది. మీ లాడ్జిలో నేల కింద ఏముంది?" అన్నాను.

ఆయన తల పక్కకు వంచి ఆలోచించాడు. ఆ మాటతో నేను ఆగి ఉంటే ఈ వ్యాసం ఇక్కడే ముగిసేది. నేను ఆగలేదు. ఆయన బంధువులు ఇద్దరు వరండాలోనే కూర్చుని వింటున్నారు. శ్రోతలు ఉన్నారంటే నాకు ఒళ్ళు తెలియదు. మీ వాస్తు మనిషి దొంగ, ఆయన్ని నమ్మినవాళ్ళు సొంత బుద్ధిని అద్దెకిచ్చుకున్నవాళ్ళు అని ముక్తాయించాను.

పెద్దాయన లేచి, గ్లాసులు తీయమని లోపలికి కేక వేసి, "అతిథి మాటకు ఎదురు చెప్పేది మా ఇంట్లో వాడుక లేదు" అని వెళ్ళిపోయాడు. బంధువులు కూడా చెప్పులు వేసుకున్నారు.

కౌంటరులోంచి కూతురు నన్ను చూసింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే మా ఫిట్టరు నన్ను లేపి, "గెలిచావు గురూ, లేచి చూడు" అన్నాడు. లాడ్జి ముందు ఇటుకలు దిగుతున్నాయి. బుధవారం దాకా ఆగకుండా, మరుసటి రోజు పొద్దుటికే మేస్త్రీని రమ్మన్నారు. కొత్త ముహూర్తం కూడా కుదిరింది. తమిళంలో మంచి ఘడియను నల్ల నేరం అంటారు. తెలుగు చెవికి అదెలా వినబడుతుందో చెప్పనక్కర్లేదు. ఇంకో రోజైతే నవ్వేవాళ్ళం.

ఆ రోజు మిల్లులో ప్లాంటు కడుగుతుండడంతో మధ్యాహ్నానికే మాకు పని లేకుండా పోయింది. మిల్లు సత్రపట్టి వైపు ఉంది. సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేస్తారు. ఆస్పత్రుల్లో గాయాలకు కట్టే పల్చటి గుడ్డ. చెలక వెంబడి నడుస్తూ వెళితే, తెల్లగా ఉతికిన ఆ గుడ్డను బారులు బారులుగా వెదురు కర్రల మీద ఆరవేసి ఉన్నారు. మబ్బులోంచి ఎండ జారినప్పుడు గుడ్డ వెలుగుతుంది. ఎండ పోతే గుడ్డ మబ్బవుతుంది. కొండ మీంచి గాలి దిగినప్పుడల్లా ఆ తెలుపంతా ఒక్కసారి నిట్టూర్చి లేచి, మళ్ళీ మెల్లగా వాలేది. ఎవరికో ఇంకా తగలని గాయాలకు కట్లు. వాటి మధ్య మేమిద్దరం ఎంతసేపు నిలబడ్డామో తెలియదు.

"చూశావా, గాలి ఎటు పోతోందో గుడ్డ చెబుతోంది. దానికి ఉపన్యాసం అక్కర్లేదు" అన్నాడు మా ఫిట్టరు.

అతను చెయ్యి చాపి, నా జుట్టులో చిక్కుకున్న పింజ ఒకటి తీసి, వేళ్ళ మధ్య నలిపి గాలిలోకి వదిలాడు. అది తేలుతూ గుడ్డల మీంచి వెళ్ళిపోయింది.

"ప్లాంటు తిరుగుతున్నన్ని రోజులూ మిల్లులో నువ్వు చేసేది ఇదేగా? పింజ వదులుతావు. ఎక్కడ ఆగిందో అక్కడ గాలి లేదంటావు. పైపు విప్పమంటావు. ఏనాడైనా మిల్లువాళ్ళతో వాదించావా? లాడ్జికి రాగానే మాత్రం మైకు పట్టుకున్నావు."

తిరిగి మిల్లు మీదుగా వస్తూ గుప్పెడు పింజలు ఏరి జేబులో వేసుకున్నాను.

మర్నాడు పొద్దున మేస్త్రీ సిమెంటు కలుపుతున్నాడు. కౌంటరు బల్లను పక్కకు జరిపారు. కూతురు పొడుగు కుర్చీ మీద కూర్చుని, ఆ కిటికీలోంచి పడుతున్న వెలుతురులో కాళ్ళు పెట్టుకుని ఉంది. నేను పెద్దాయన దగ్గరికి వెళ్ళి, అనకూడని మాట అన్నానని చెప్పుకున్నాను. ఆయన తలూపాడు. జేబులోంచి పింజలు తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"మీరు డిపార్ట్‌మెంట్లో గాలి ఎలా చూసేవారో ఒక్కసారి చూపించండి అన్నా. నేను ఒక్క మాటా మాట్లాడను."

మా ఫిట్టరు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు, నేను మాట్లాడితే కాలు తొక్కడానికి సిద్ధంగా.

పత్తి చేతికి తగలగానే ఆ మనిషి వేళ్ళు వాటంతటవే కదిలాయి. కొంచెం తుంచి, వెంట్రుక కంటే పల్చగా విడదీసి, గడ్డం ఎత్తుకు పట్టుకుని, కిటికీ ముందు వదిలాడు. పింజ లేచింది. కూతురి తల మీంచి, కౌంటరు మీంచి తేలి, మెట్ల వైపు తిరిగింది. ఆయన దాని వెంట నడిచాడు. మొదటి మలుపు దాకా వెళ్ళిందది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. తిన్నగా కిందికి దిగి మెట్టు మీద పడింది.

ఆయన ఇంకో పింజ తీశాడు. అదీ పడింది. పైకి వెళ్ళాడు. మేమూ వెళ్ళాం. మేడ మీది వసారాలో ఒకటి వదిలాడు. అది అటూ ఇటూ ఊగనుకూడా లేదు. ఆయన పాదాల దగ్గరే దిగింది. మా గదిలోకి వచ్చి, ఆ ఫ్లెక్సీ కొండ ముందు ఒకటి వదిలాడు. కొండ కింద పడింది. ప్రతి గదిలోకీ వెళ్ళాడు. ఏ గదిలోనూ పింజ కదల్లేదు. చేసే పని ఇల్లు చూసుకుంటున్నట్టు లేదు. షిఫ్టు దిగేముందు డిపార్ట్‌మెంట్ అప్పజెబుతున్నట్టు ఉంది.

వసారాలోకి తిరిగి వచ్చేసరికి కూతురు మెట్లెక్కి పైకి వచ్చి ఉంది. ఏం జరుగుతోందో చూడాలని వచ్చింది. చివరి మెట్టు మీద కూలబడింది. పంపు తీసి పీల్చింది. ఆ వసారాలో వేరే చప్పుడు లేదు. ఆమె ఊపిరిలోని ఈల ఒక్కటే, గోడ నుంచి గోడకు.

పెద్దాయన చేతిలో ఇంకా పింజ మిగిలి ఉంది. దాన్ని చూస్తూ అన్నాడు:

"ఈ గాలిలో నా నూలు ఒక గంట నిలవదు. బిడ్డను ఎట్ల ఉంచినాను?"

నా నోటిదాకా ఒక గొప్ప వాక్యం వచ్చింది. కాలు మీద బూటు పడింది. మింగేశాను.

కింద నుంచి మేస్త్రీ పిలిచాడు. "అయ్యా, నేరం అయిపోతాది. ఇటుక పెట్టేదా?"

"ఇటుక వద్దు. సుత్తి ఎత్తుకుని మీదికి రా."

మేస్త్రీ వచ్చి సంగతి విని, తలపాగా సర్దుకున్నాడు. కట్టడానికి చూసిన ఘడియలో పగలగొడితే ఎట్లా అన్నాడు. పైగా ఇది దాటితే రాహుకాలం. ఆ వాస్తు ఆయన్ని ఒక్క మాట అడిగితే మంచిది కదా అన్నాడు. పెద్దాయన చెయ్యి జేబులోకి పోయింది. ఫోన్ బయటికి తీశాడు. నంబరు వెతకసాగాడు. పింజలన్నీ చూసిన ఆ కళ్ళే, ఆ నంబరు వెతుకుతున్నాయి.

"నాయనా" అంది కూతురు. ఊపిరి అందలేదు. మళ్ళీ అంది. "నాయనా, ఆయన్ని అడగొద్దు. నన్ను అడుగు."

ఆయన ఆగాడు.

"ఇన్ని జన్నల్ మూసినావు. ఒకసారైనా నన్ను అడిగినావా? ఈ లాడ్జిలో పొద్దున్నుంచి ఉండేది నేను. ఊపిరి ఆడనిది నాకు. ఆయన ఊపిరి బాగుండాది, ఆయన్ని ఎందుకు అడగాల?"

నా సభల్లో ఎంతమంది ఎన్ని వాదాలు చేశారో విన్నాను. అంతకంటే సూటి వాదం నేను వినలేదు. ఆమె అందులో గ్రహాలను ఖండించలేదు, దేవుణ్ణి తేలేదు. అధికారం ఎవరిదని అడిగింది.

పెద్దాయన ఫోన్ ఆపేసి, ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పి కాబోలు, మెల్లగా కూర్చున్నాడు.

"చెప్పమ్మా. ఏం చేసేది?"

"కొట్టు" అంది.

మేస్త్రీ కొట్టనన్నాడు. అతన్ని తప్పుపట్టను. ఆ రోజు రాహుకాలంలో ఆ గోడకు మొదటి దెబ్బ వేసింది పెద్దాయనే. పంచె ఎగగట్టి, మా గదిలోని ఫ్లెక్సీ లాగేసి, సుత్తి అందుకున్నాడు. దుమ్ము లేస్తుందని మా ఫిట్టరు ఆ బిడ్డను కింద కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. రెండో దెబ్బ నేను వేశాను. మా ఇద్దరి వయసుకు అది హాస్యంగానే ఉండి ఉంటుంది. కాసేపటికి మేస్త్రీ నవ్వి, నా చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు.

ఇటుకలు పడ్డాక అవతల కొండ కనిపించలేదు. మబ్బు పూర్తిగా దిగి ఉంది. బూడిదరంగు వెలుతురు మాత్రం గదిలోకి వచ్చి, నేల మీద, మంచం మీద, మా చేతుల మీద నెమ్మదిగా పరచుకుంది. తర్వాత తడిమట్టి వాసనతో గాలి వచ్చింది. పెద్దాయన ఆఖరి పింజను అందులో వదిలాడు. అది మా మధ్యలోంచి తేలిపోయి, తలుపు దాటి, వసారాలో ఎటో వెళ్ళింది. ఆయన దాని వెంట వెళ్ళలేదు. కిందికి దిగి కూతురి దగ్గర కూర్చున్నాడు.

ఇక్కడితో అంతా బాగుపడిందని రాస్తే అది నేను ఖండించే కథల్లో ఇంకొకటవుతుంది. ఆమెకు ఉబ్బసం పోలేదు. డాక్టరు మందులు వాడుతూనే ఉంది. కాకపోతే కౌంటరు వదిలి ఎక్కడికీ పోలేదు. మేం ఉండగానే పడమటి కిటికీలు చాలా వరకు తెరిచారు. నైరుతి మూల గదిది మాత్రం తెరవలేదు. అక్కడ పెద్దాయన పట్టు వదలలేదు, ఆమె వదిలేసింది. ఆ వాస్తు మనిషి ఇప్పటికీ వచ్చి వరండాలో కాఫీ తాగుతాడట. ఆ సంగతి ఫోన్లో చెబుతూ ఆమె నవ్వింది. "కాఫీ ఇస్తాము సార్, జన్నల్ ఇవ్వము" అంది.

నిమ్మకాయ ఎందుకు విప్పరని మొదట అన్నానుగదా. సభలో నేను అడిగేది నా తెలివిని ఒప్పుకోమని. ఎవరూ ఇంకొకరి తెలివికి లొంగి తమ గోడ పగలగొట్టుకోరు. తన చేతికి తెలిసినదాన్ని తన చేతే చూడాలి. ఆ గోడ వల్ల ఊపిరాడని మనిషి నోరు తెరవాలి. అది వినడానికి ఒకడు మెట్టు మీద కూర్చోవాలి.

కాబట్టి ఇది చదివి బాగుందని పక్కన పెట్టకండి. మీ ఇంట్లో ఒకరి చదువు గురించో, పెళ్ళి గురించో, వైద్యం గురించో, ఉద్యోగం గురించో ఇప్పుడు ఎవరినో అడుగుతున్నారు. జాతకాలు చూసేవాణ్ణి, పెద్దలను, పక్కింటివాళ్ళను. ఆ ఫోన్ కింద పెట్టండి. లేచి, ఆ బతుకు ఎవరిదో వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. పక్కన కూర్చోండి. ఏం చేయమంటావని అడగండి. వాళ్ళు కొట్టమంటే, ఘడియ చూడకుండా కొట్టండి.